ముల్లు లేని మక్ఖీ

గాలి కుడి భుజం వైపు నుంచి వీస్తున్నప్పుడు కుడిచేత్తో గాలం గడ విసరకూడదు. ఇది నా నోటుబుక్కులో రెండో నియమం. వెనక ఆరు గజాల లోపల మనిషి ఉండకూడదు. ఇది మూడోది. రెండూ నేనే రాసుకున్నాను, ఆఫీసులో మ్యాపుల మీద అక్షరాలు రాసే సన్న పాళీతో. కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. ఒకే మధ్యాహ్నం రెండూ తప్పాను. దాంతో శాలిబండలో గడియారాలు బాగుచేసే ఒక మనిషికి కుడికన్ను ఉంటుందో పోతుందో తెలియకుండా పది రోజులు గడిపాను. ఇది జరిగి మూడేళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా నా వెనక వచ్చి నిలబడితే తిరిగి చూస్తాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఓవర్సీరు పరీక్ష పాసై సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి ఏడాదయింది. రాష్ట్రం మారిన రోజులవి. పాత మ్యాపుల మీద పేర్లు బ్లేడుతో గీకేసి కొత్త పేర్లు రాయడం నా పని. మా బాపు గుడిలో అర్చకులు. మా ఇంట్లో కోడిగుడ్డు అన్న మాట కూడా గొంతు తగ్గించి అంటారు. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాణ్ణి చెరువు గట్టు మీద చేపల గడ పట్టుకుని ఎందుకు నిలబడ్డానో ముందు చెప్పాలి.

మా సందు మొదట్లోనే ఆ గడియారాల దుకాణం. నలుగురు మోకాళ్లు ముడుచుకుంటే పట్టేంత. లోపల గోడ పొడుగునా మేకులు, మేకులకు గడియారాలు, అన్నింటికన్నా పైన అడ్డంగా ఒక సన్నని గడ. వెదురును బద్దలుగా చీల్చి, ఆరు పలకలుగా చెక్కి అతికించింది. బాపు జేబు గడియారం ఆగిపోతే తీసుకువెళ్లినప్పుడు మొదటిసారి చూశాను. గడియారం కన్నా దాన్నే ఎక్కువసేపు చూశానని ఉస్తాద్ తర్వాత అనేవాడు. ఆయన్ను వీధంతా ఉస్తాద్ అనే పిలుస్తుంది. యాభై దాటిన మనిషి. దుకాణంలో ఉన్నంతసేపూ కుడికంటికి నల్ల గొట్టం లాంటి భూతద్దం అంటిపెట్టుకునే ఉండేది. మాట్లాడేటప్పుడు కూడా దాన్ని తీసేవాడు కాదు, కనుబొమతో నొక్కి పట్టి ఉంచేవాడు. దాన్ని ఆయన కంటి గ్లాసు అంటాడు.

కంటోన్మెంటులో ఒక దొర తన గడియారాలన్నీ ఈయనకే ఇచ్చేవాడట. దేశం విడిచిపోతూ ఆ గడను, పట్టుదారం చుట్టిన చక్రాన్ని, ఒక రేకు డబ్బాను బహుమతిగా ఇచ్చి, మూడు ఆదివారాలు చెరువు గట్టున నిలబెట్టి విసరడం నేర్పి వెళ్లాడట. డబ్బాలో మక్ఖీలు ఉండేవి. అంటే నిజం ఈగలు కావు. చిన్న గాలం ముల్లు మీద కోడి మెడ ఈకలు, నెమలి పింఛం పోగులు దారంతో కట్టిన పురుగు బొమ్మలు. అవి అరిగిపోయాక ఉస్తాద్ తన సన్న పట్టకారు చిమటాతో, తన కంటి గ్లాసుతో కొత్తవి కట్టడం మొదలుపెట్టాడు. గడియారపు స్ప్రింగు బిగించే చెయ్యి అది. ఆయన కట్టిన మక్ఖీని అరచేతిలో పెడితే ఊదాలనిపించేది, ఎగిరిపోతుందేమో చూద్దామని.

గాలం అంటే నాకు తెలిసింది వానపామును గుచ్చి, బెండు వైపు చూస్తూ కూర్చోవడం. ఇది వేరు. మక్ఖీకి బరువే లేదు. బరువు లేనిదాన్ని ఇరవై గజాలు ఎలా విసరాలి? దారం బరువుతో విసరాలి. గడ వెనక్కి పోతుంది, దారం వెనకాల గాలిలో చాపుకుంటుంది, పూర్తిగా చాపుకున్న క్షణంలో గడ ముందుకు వస్తుంది, దారం ఒక సన్నని వంపు తిరిగి నీళ్ల మీదికి విప్పుకుంటూ పోతుంది. చేపతో నాకు పనిలేదు. ఆ వంపు నాకు కావాలి. చేపను పట్టను, ముట్టను, విసరడం మాత్రం నేర్పమని అడిగాను.

ఉస్తాద్ డబ్బాలోంచి ఒక మక్ఖీ తీసి, ముల్లును వంపు దగ్గరే కటింగ్ ప్లయర్‌తో కొరికేసి నా చేతిలో పెట్టాడు. "ఇగో, పంతులు మక్ఖీ. పక్కా శాకాహారి."

దుకాణంలో పొద్దుపోక కూర్చునేవాళ్లకు అదొక ఆటయింది. చేపలు నా మక్ఖీని దర్శనం చేసుకుని ప్రసాదం లేకుండా తిరిగిపోతున్నాయని ఒకాయన అంటే, అందుకే చెరువులో భక్తి పెరిగిందని ఇంకొకాయన.

ఊరి చివర బార్కస్ బస్తీ దాటాక ఒక చెరువుంది. సెలవు రోజుల్లో సైకిలు మీద, ఆయన వెనక క్యారియర్ మీద గడ పట్టుకుని కూర్చుంటే, నేను తొక్కేవాణ్ణి. చెరువు మీద విసరడం ఏటి మీద విసరడం లాంటిది కాదని మొదటి పాఠం. ఏట్లో నీళ్లు మక్ఖీని నడిపిస్తాయి. చెరువులో నీళ్లు నిలబడి ఉంటాయి, ప్రాణం మనమే పోయాలి. మక్ఖీ పడ్డాక లెక్కపెట్టాలి. పది అంకెలకు ఎంత లోతు దిగింది, ఇరవైకి ఎంత. తర్వాత ఎడమచేతి వేళ్లతో దారాన్ని కొంచెం కొంచెం అరచేతిలోకి లాక్కోవాలి. గాలికి నీళ్ల మీద సన్నటి ముడతలు లేచిన చోట వెయ్యాలి, అద్దంలా ఉన్నచోట కాదు. దారం తేలాలంటే కొవ్వు రాయాలి. ఉస్తాద్ మేక కొవ్వు రాసేవాడు. నేను దాన్ని ముట్టనని ఇంట్లోంచి నెయ్యి తీసుకువెళ్లి రాశాను. మర్నాటికి దారమంతా చీమలు పట్టాయి. ఉస్తాద్ వారం రోజులు వచ్చిన ప్రతి గిరాకీకీ ఆ సంగతి చెప్పాడు.

ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఎడమచేత్తో విసరడం కూడా నేర్చుకోమని ఉస్తాద్ అనేవాడు, గాలి కుడివైపు తిరిగిన రోజు పనికొస్తుందని. తర్వాత చూద్దామన్నాను. మూడో నియమం పక్కన మాత్రం పెన్సిలుతో ఒక మినహాయింపు రాసుకున్నాను: ముల్లు లేకుంటే వర్తించదు. ఎందుకంటే నేను విసిరేటప్పుడు ఉస్తాద్ నా వెనకే, నాలుగడుగుల దూరంలో తన పొట్టి పీట వేసుకుని కూర్చునేవాడు. వంపు సరిగ్గా పడుతోందో లేదో అక్కణ్ణించే కనబడుతుందని. ముల్లున్న మక్ఖీ విసిరే మనిషి వెనక ఆయన ఎన్నడూ అలా కూర్చోడు. నా వెనక కూర్చునేవాడు.

ఒక ఆదివారం తుంగ పక్కన నా మక్ఖీని ఏదో పెద్దది పట్టింది. కొర్రమట్ట కావచ్చు. ఒక్క గుంజు గుంజి వదిలేసింది. ముల్లు లేదు కదా, నిలవడానికి ఏమీ లేదు. కానీ ఆ గుంజు గడలోంచి నా మణికట్టుకు, మణికట్టులోంచి మోచేతికి వచ్చింది. వారమంతా డ్రాయింగు బల్ల దగ్గర నా మోచెయ్యి దాన్నే తలుచుకుంది. ఒక్కసారి, ఒక్కసారే, అది చివరిదాకా ఎలా ఉంటుందో తెలుసుకుని, చేపను నీళ్లలోనే వదిలేద్దామనుకున్నాను. తర్వాతి సెలవునాడు ఉస్తాద్ చెరువులో ముఖం కడుక్కుంటుండగా డబ్బా తెరిచి ముల్లున్న మక్ఖీ ఒకటి తీసి కట్టుకున్నాను. ఆయనకు చెప్పలేదు. పంతులు మాంసాహారి అయ్యాడని దుకాణంలో నవ్వుతారని, ఆ నవ్వు సందు దాటి గుడిదాకా పోతుందని భయం. నా భయం అంత చిన్నది.

ఉస్తాద్ వచ్చి పీట వేసుకుని ఎప్పటి చోటే కూర్చున్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. నాలుగోసారో ఐదోసారో విసిరేటప్పుడు గాలి కుడివైపుకు తిరిగింది. నా చెవి పక్క వెంట్రుకలు కదిలాయి, నాకు తెలిసింది. తెలిసీ విసిరాను. వెనక్కి పోయిన దారం ముందుకు రాలేదు. గడ్డికి తగులుకుందనుకున్నాను. గడ్డికి తగులుకుంటే ఏం చేస్తామో అదే చేశాను. ఒక్కసారి గుంజాను.

అరుపు లేదు. చాలా నెమ్మదిగా ఒక మాట వినబడింది. "గుంజకు బేటా."

తిరిగి చూస్తే ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మక్ఖీ కుడికంటి పైరెప్ప మీద ఉంది, పురుగు వాలినట్టు. దాని కిందనుంచి నెత్తురు చెంప మీదికి సన్నని గీతగా దిగుతోంది. ముల్లు లేని మక్ఖీ రెప్పకు గుచ్చుకోదు. అది మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

దారాన్ని పళ్లతో కొరికి తెంపాను. నా పళ్లు టకటకా కొట్టుకోవడం వల్ల మూడుసార్లు కొరకాల్సి వచ్చింది. ముల్లు తీయబోతే ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. ముల్లు కొన దగ్గర వెనక్కి తిరిగిన ఎదురుముల్లు ఉంటుంది, దూరినదారిన అది వెనక్కి రాదు, చీల్చుకుంటూ వస్తుంది. లోపల గుడ్డుదాకా దిగిందా అని ఆయన అడిగాడు. నాకు కనబడలేదు. చెంప మీద కారేది నెత్తురేనా, దాంతో పాటు కంటిలోని నీరు కూడానా, ఆ నీరు చిక్కగా ఉందా పలుచగా ఉందా అని వంగి వంగి చూశాను. చూసినకొద్దీ నాకే కళ్లు మసకలయ్యాయి.

తెరిచి ఉన్న ఎడమకన్ను కూడా ఆయన మూసేసుకున్నాడు. ఒకటి కదిలితే రెండోది కూడా కదుల్తుంది, జతగా నడిచే గడియారం ముళ్లలాగా, అందుకని రెండూ మూసి ఒకే వైపు పెట్టుకుంటానని చెప్పాడు. సైకిలు మీద కూర్చోబెడితే గతుకులకు తల అదురుతుంది. అందుకని సైకిలూ గడా అక్కడే వదిలేసి, ఆయన చెయ్యి నా భుజం మీద వేయించుకుని నడిపించాను. బార్కస్ దాకా రెండు మైళ్లు. మిట్ట వచ్చే ముందు చెప్పాలి, పల్లం వచ్చే ముందు చెప్పాలి. నేను చెప్పలేకపోయాను. అప్పుడు ఆయన, నోరు మూసుకుని నడిస్తే నాకు భయమైతది, నీ కాయిదాలు చదువు, అన్నాడు. నా నియమాలన్న మాట.

ఒకటోది చెప్పాను. దారం వెనక పూర్తిగా చాపుకున్నాకే గడ ముందుకు తేవాలి. రెండోది చెప్పాను. గాలి సంగతి. ఆ తర్వాత నా నోరు ఆగిపోయింది.

"మూడోది మింగినవ్," అన్నాడు ఉస్తాద్. కాసేపు నడిచాక, "పోనీ, నాలుగోది జెప్పు," అన్నాడు.

బార్కస్‌లో మొదటి ఇళ్ల దగ్గర గహ్వా అనే అరబ్బీ కాఫీ అమ్మే ఒక పెద్దాయన మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. ఉతికిన గుడ్డ తెచ్చి, కంటికి తగలకుండా నుదుటి మీదుగా నీడలా కట్టాడు. రిక్షాకు మనిషిని పంపాడు. ఎట్లా అయిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఉస్తాద్ చెప్పేశాడు, గాలికి నా గాలమే నాకు తగిలింది భాయ్ అని. పెద్దాయన నా వైపు ఒకసారి చూసి గుడ్డ ముడి సరిచేశాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచి రావాలి. కానీ నేను పెద్దాయన వైపు కాక రిక్షా వచ్చే దారి వైపు చూశాను.

ఆసుపత్రిలో డాక్టరు ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి తల పట్టుకోమని నాకే చెప్పారు. మందు వేసి, రెప్ప కింద చెంచాలాంటి పలుచటి రేకు దూర్చి, ముల్లును వెనక్కి కాదు, ముందుకే తోశారు. కొన రెప్ప పైకి పొడుచుకొచ్చాక ఎదురుముల్లు కత్తిరించి, మిగతాది వచ్చినదారిన లాగేశారు. ఆయన కణత నా అరచేతి కింద కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది. రెప్ప మానుతుంది, నల్లగుడ్డు మీద గీత పడింది అన్నారు డాక్టరు. ఊరికే గుచ్చుకుని ఉంటే ఇంతయ్యేది కాదు, ఏదో గుంజినట్టుంది. చీము పట్టకుంటే చూపు ఉంటుంది. పది రోజుల తర్వాత కట్టు విప్పాక తెలుస్తుంది, ఇప్పుడేం చెప్పలేను.

ఆ పది రోజులూ ఆఫీసు విడవగానే దుకాణానికి వెళ్లేవాణ్ణి. ఉస్తాద్ కట్టు కట్టిన కంటితో దుకాణం తెరిచి కూర్చునేవాడు. పని చేయడు. గోడ మీది గడియారాలు విని, మూడోది వెనకబడుతోంది, ఆ మూలది రేపు ఆగుతది అని చెప్పేవాడు. వచ్చిన వాళ్లకు పది రోజుల తర్వాత రమ్మనేవాడు. ఆయనకు ఆ కన్నే పనిముట్టు. ఇరవై తొమ్మిదేళ్లుగా కంటి గ్లాసు పెట్టుకుని కుడికంటి చుట్టూ ఒక గుండ్రటి నొక్కు పడి ఉంది. కట్టు కింద ఆ నొక్కు ఉందో లేదో కూడా కనబడదు.

ఇంట్లో నేను కుడికన్ను మూసుకుని పని చేసి చూశాను. గీతలు గీయగలిగాను. కానీ పాళీని సిరాబుడ్డిలో ముంచబోతే పక్కన బల్ల మీద పడింది. మళ్లీ చేశాను, మళ్లీ పక్కనే. ఒక కంటికి ఎంత దూరమో తెలియదు. నాకు సిరాబుడ్డి మూతి రూపాయి బిళ్లంత. ఆయన మరలు బిగించాల్సిన రంధ్రాలు ఆవగింజలో సగం కూడా ఉండవు. ఎన్నిసార్లు పక్కన పడిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి, పది దాటాక సిరాబుడ్డి మూసేశాను. అమ్మ గుమ్మంలోంచి చూసి కంటికేమైందిరా అంది. దుమ్ము పడిందన్నాను.

శనివారం గుడికి వెళ్లాను. బాపు హారతి పళ్లెం పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చినట్టే నా దగ్గరికీ వచ్చారు. జనం మంట మీద చేతులు ఉంచి కళ్లకద్దుకుంటున్నారు. నా చేతులు మంటదాకా పోయాయి గానీ కళ్లదాకా లేవలేదు. బాపు ఒక క్షణం ఆగారు. తర్వాత పక్క మనిషి దగ్గరికి జరిగారు.

పదో రోజు కట్టు విప్పేటప్పుడు నేనూ ఉన్నాను. చీము పట్టలేదు. రెప్ప మానింది. ఏం కనబడుతోందని డాక్టరు అడిగితే, కిటికీ అని చెప్పాడు, మీ మీసాలు అన్నాడు. డాక్టరు నవ్వారు. నేను గోడకు ఆనుకున్నాను. దారిలో కూడా ఆయన బోర్డులు చదువుతూ వచ్చాడు. దుకాణంలోకి వెళ్లి, చేతి గడియారం ఒకటి వెనక మూత తీసి, కంటి గ్లాసు కుడికంటికి పెట్టుకుని వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తల కొంచెం ఇటు వంచాడు, కొంచెం అటు. తర్వాత గ్లాసు తీసి అంచును చొక్కాతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అద్దం మురికి కాదని నాకప్పుడే తెలిసింది.

"నడిమిట్ల పొగ లెక్క ఉన్నది," అన్నాడు. "వీధి కనిపిస్తది. మనిషి కనిపిస్తడు. స్ప్రింగే కనిపిస్తలేదు."

ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పాను. ముల్లున్నది నేను దొంగతనంగా తీసి కట్టుకున్నానని, గాలి తిరగడం తెలిసే విసిరానని, అన్నిటికన్నా చివర, పది రోజులుగా దాచుకున్నది, గుంజానని. గడ్డి అనుకుని గుంజానని.

"నువ్వు గుంజినవని నాకు తెల్వదా? ఆ కొసకున్నది నేనే గద." ఆయన మూత తీసిన గడియారం మీద గాజు గిన్నె బోర్లించాడు, దుమ్ము పడకుండా. "ఒక్క మాట జెప్తే అయిపోతుండె పంతులూ. నవ్వెటోణ్ణి. నవ్వి, పీట ఆరు గజాలు అవతల ఏసుకుంటుంటి. గంతే."

గంతే. తిడతాడనుకున్నాను, దుకాణం మెట్లు ఎక్కవద్దంటాడనుకున్నాను. వాటికి సిద్ధపడి వచ్చాను. పీట జరుపుకోవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకుంటూ ఇంటికి వెళ్లాను.

మర్నాటి నుంచి ఆయన కంటి గ్లాసు ఎడమకంటికి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎడమ కనుబొమకు దాన్ని నొక్కి పట్టే అలవాటు లేదు, మాట్లాడితే జారి ఒళ్లో పడేది. అందుకని మాటలు తగ్గించాడు. చిమటా పోవాల్సిన చోటుకు కాక పక్కకు పోయేది. చిన్న మరలు ఎగిరి ఎక్కడో పడేవి. సాయంత్రాలు నేను చాప మీద అరచేతులతో తడుముతూ వాటిని వెతికేవాణ్ణి. దొరికినదాన్ని తడి వేలితో అంటించి ఎత్తి ఇచ్చేవాణ్ణి. పెద్ద గోడ గడియారాలు, అలారాలు మళ్లీ చేయగలిగాడు. ఆడవాళ్ల చేతి గడియారాలు వస్తే ఇంకో దుకాణం పేరు చెప్పి పంపించేవాడు. మక్ఖీలు కట్టడం మళ్లీ మొదలుపెట్టలేదు.

రెండు నెలల తర్వాత ఒక సెలవునాడు పొద్దున మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో గడ ఉంది. బార్కస్ పెద్దాయన మనిషిని పంపి గడనూ సైకిలునూ ఎప్పుడో దుకాణానికి చేర్పించాడు. రాను అన్నాను. నాకు కుదరదన్నాను. సైకిలు నేను తొక్కలేను గద, గతుకు ఎంత దూరమో తెలుస్తలేదు అన్నాడు. వెళ్లి సైకిలు తీశాను.

చెరువు మీద గాలి ఉంది. ఆయన డబ్బా తెరిచి, మిగిలినవాటిలోంచి నా పాత మక్ఖీని వేలితోనే వెతికి తీసి ఇచ్చాడు. కట్టుకున్నాను. ముడి రెండుసార్లు జారింది. వెనక పీట నేలకు తగిలిన చప్పుడైంది. తిరిగి చూస్తే అదే చోటు, నాలుగడుగులు.

"ముల్లున్నదా?" అన్నాడు.

"లేదు." మక్ఖీని ఆయన వైపు చాపాను, తడిమి చూసుకొమ్మని.

ఆయన చెయ్యి చాపలేదు. "జెప్పినవ్ గద," అన్నాడు.

దూరం జరగమన్నాను. బతిమాలాను. వంపు ఇక్కణ్ణించే కనబడతదని, ఇప్పుడు ఇంకా దగ్గరికి రావాలె గానీ దూరం ఎట్లా పోతా అని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. గాలి నా కుడి చెవి దగ్గర వెంట్రుకల్ని కదిలించింది. మక్ఖీ కొసను నా బొటనవేలి మీద గట్టిగా రాసి చూశాను. మొద్దుగా ఉంది. మళ్లీ రాసి చూశాను. చెరువుకు వచ్చిన ఇన్ని రోజుల్లో అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు, ముల్లు గుచ్చుకున్న ఆ రోజు కూడా.

గడను ఎడమచేతిలోకి మార్చుకుని విసిరాను. దారం నా పాదాల ముందే కుప్పగా పడింది.

"మళ్ల ఎయ్," అన్నాడు వెనకనుంచి.

తిరిగి ఆయన ఎక్కడున్నాడో చూశాను. తర్వాత వేశాను. ఆ పూటంతా వేసిన ప్రతిసారీ ముందు తిరిగి చూశాను. దారం ఒక్కసారి కూడా ఐదు గజాలు దాటలేదు.